ఆయన మీకేమవుతారు?

కిందటి నెల కొత్త ఫ్లాట్ కోసం ఒక గేటెడ్ కమ్యూనిటీ యాప్‌లో వివరాలు నింపుతున్నాను. పేరు, ఆధార్, కంపెనీ, కారు నంబరు అయ్యాక ‘ఇంట్లో ఉండే ఇతర సభ్యులు’ అని ఇంకో పేజీ వచ్చింది. అతని పేరు టైప్ చేశాను. పక్కన డ్రాప్‌డౌన్ తెరుచుకుంది. ప్రధాన అద్దెదారుతో సంబంధం: భార్య/భర్త, తల్లి, తండ్రి, కొడుకు, కూతురు, తోబుట్టువు, పనివాళ్ళు, ఇతరులు.

ఇలాంటి ఫారాలకి కోడ్ రాయడమే పన్నెండేళ్ళుగా నా ఉద్యోగం. డ్రాప్‌డౌన్‌లో ఏమేం ఉండాలో ఎవరో మీటింగ్‌లో చెప్తారు, నేను రాసేస్తాను. ‘ఇతరులు’ అనేది ఇక ఆలోచించడం మానేసిన చోట మేం పెట్టే మాట. ఆ రోజు సేవ్ నొక్కకుండా ఫోన్ పక్కన పెట్టేశాను.

మేం కావాలని ఇల్లు మారడం లేదు. ఏడేళ్ళుగా నల్లకుంటలో ఒక పాత ఇంటి పై అంతస్తులో ఉంటున్నాం. ఉగాది అయిన వారానికి ఓనర్ ఆంటీ మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, “ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశాం బాబూ” అన్నారు. హైదరాబాద్‌లో అద్దెకున్నవాళ్ళకి ఈ మాట వివరించక్కర్లేదు. బిల్డర్ వస్తాడు, అయిదంతస్తులు లేస్తాయి, ఓనర్ వాటాకి కొన్ని ఫ్లాట్లు వస్తాయి. పెరట్లో జామచెట్టు పోతుంది, అద్దెకున్నవాళ్ళు పోతారు.

ఏడేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా అడగని ప్రశ్నని ఇప్పుడు ప్రతి బ్రోకరూ అడుగుతున్నాడు. “సార్, ఆయన మీకేమవుతారు?” తెలుగులో బంధుత్వాన్ని అడిగే పద్ధతే ఇది. మేనమామ అవుతాడు, తోడల్లుడు అవుతాడు, వరసకి బావ అవుతాడు. ఎవరైనా మనకి ఏదో ఒకటి ‘అవుతారు’. మేం మాత్రం బ్రోకర్ దగ్గర కొలీగ్స్ అవుతాం, ఓనర్ దగ్గర బ్యాచిలర్స్ అవుతాం, హాస్పిటల్ కౌంటర్ దగ్గర కజిన్స్ అవుతాం.

క్వీర్ చరిత్ర అనగానే ఊరేగింపులు, ఇంద్రధనుస్సు జెండాలు, కోర్టు తీర్పులు గుర్తొస్తాయి. ఇల్లు వెతుక్కుంటున్న ఈ రెండు నెలల్లో నేను ఆ చరిత్రని ఇంకో వైపు నుంచి, అద్దె కాగితాల వైపు నుంచి చదవడం మొదలుపెట్టాను. ముఖ్యంగా శాన్‌ఫ్రాన్సిస్కో చరిత్రని. ప్రపంచంలో గే ప్రేమకి రాజధాని అని పేరున్న ఊరది. అలా పేరు పడ్డాక, ఆ ప్రేమికుల్లో చాలామంది అద్దె కట్టలేకపోయిన ఊరు కూడా అదే.

*

శాన్‌ఫ్రాన్సిస్కోకి ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే రెండో ప్రపంచ యుద్ధం దగ్గర మొదలుపెట్టాలి. పసిఫిక్ యుద్ధరంగానికి సైనికులు ఓడలెక్కిన పెద్ద రేవు అది. సైన్యంలో స్వలింగ ప్రేమికులని పట్టుబడినవాళ్ళలో వేలమందిని నీలం కాగితం మీద రాసిచ్చి పంపించేశారు. ‘బ్లూ డిశ్చార్జ్’ అనేవాళ్ళు దాన్ని. ఆ కాగితం పట్టుకుని సొంతూరికి వెళ్తే ఊరంతా అడుగుతుంది. అందుకని చాలామంది రేవు ఊళ్ళోనే ఆగిపోయారు.

ఆ కాగితంతో ఇంకో నష్టం కూడా ఉండేది. 1944లో వచ్చిన జీ.ఐ. బిల్లు కింద యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళకి చదువుకి డబ్బు, ఇంటి అప్పుకి ప్రభుత్వ హామీ దొరికేవి. నీలం కాగితం వాళ్ళకి అవి ఇవ్వలేదు. అంటే ఒకే యుద్ధంలో పనిచేసిన ఇద్దరిలో ఒకడు పెళ్ళి చేసుకుని, ప్రభుత్వ హామీతో శివారులో ఇల్లు కొనుక్కున్నాడు. ఇంకొకడు ఊరి మధ్య లాడ్జి గదిలో అద్దెకి దిగాడు. ‘గే మనుషులు నగరాల్లోనే ఎందుకుంటారు’ అని అడిగేవాళ్ళకి సగం జవాబు ఇందులోనే ఉంది.

అద్దె గదిలో ఉండేవాడికి ఇల్లంటే బార్. నార్త్ బీచ్‌లో బ్లాక్ క్యాట్ అనే బార్ ఉండేది. గేలకి మందు పోస్తున్నారని దాని లైసెన్సు ఆపేస్తే, ఆ కారణమొక్కటే చాలదని 1951లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ పాటలు పాడే హోసే సరియా 1961లో నగర బోర్డుకి పోటీ చేశాడు. అమెరికాలో తాను గే అని బహిరంగంగా చెప్పుకుని ఎన్నికల్లో నిలబడ్డ మొదటి మనిషి అతనే. గెలవలేదు. పోలీసుల దాడులు మాత్రం ఆగలేదు. బార్ ఎంత ఆప్యాయంగా ఉన్నా రాత్రికి మూతపడుతుంది, పోలీసు ఏ క్షణాన్నయినా తలుపు తోసుకుని రావొచ్చు.

అందుకే ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన తేదీ ఒక తీర్పుది కాదు, గృహప్రవేశానిది.

డెల్ మార్టిన్, ఫిలిస్ లియాన్ అనే ఇద్దరాడవాళ్ళు సియాటిల్‌లో ఒకే ఆఫీసులో పనిచేస్తూ 1950లో కలుసుకున్నారు. 1953లో వాలెంటైన్స్ డే నాడు శాన్‌ఫ్రాన్సిస్కోలో, క్యాస్ట్రో స్ట్రీట్‌లో ఒక అద్దె ఇంట్లో కాపురం పెట్టారు. మొదటి ఏడాది బాగా కొట్లాడుకున్నారట. డెల్ బూట్లు గది మధ్యలో వదిలేసేదట, ఫిలిస్ వాటిని తీసి కిటికీలోంచి బయటికి విసిరేసేదట. 1955లో నోయీ వ్యాలీలో, డంకన్ స్ట్రీట్ కొండ మీద ఒక చిన్న ఇల్లు కొనుక్కున్నారు. పెద్ద కిటికీలోంచి ఊరంతా కనిపించే ఇల్లు.

అదే ఏడాది ఇంకో మూడు జంటలతో కలిసి డాటర్స్ ఆఫ్ బిలిటిస్ అనే సంఘం పెట్టారు. లెస్బియన్ల హక్కుల కోసం అమెరికాలో ఏర్పడ్డ మొదటి సంఘమని చరిత్రలో రాసుకునేది దీని గురించే. కానీ అది మొదలైంది హక్కుల కోసం కాదు. బార్‌లో ఆడది ఆడదానితో డాన్స్ చేస్తే పోలీసులొస్తారు. ఎవరింట్లోనైనా, కర్టెన్లు వేసుకుని, హాల్లో కుర్చీలు పక్కకి జరిపి డాన్స్ చేసుకుందామనే వాళ్ళు మొదట కలిశారు. అంటే ఉద్యమం కంటే ముందు ఒక హాలు కావాల్సి వచ్చింది. మరుసటి ఏడాది వాళ్ళ పత్రిక ‘ది ల్యాడర్’ వచ్చింది. దానికి ఫిలిస్ మొదట మారుపేరుతో సంపాదకత్వం చేసింది. సొంత పేరుతో బయటపడ్డానికి కొంత టైమ్ పట్టింది. సొంత ఇల్లు లేకపోతే ఆ ధైర్యం వచ్చేదా అని నాకు అనుమానం. ఖాళీ చెయ్యమనేవాడు లేని చోట మనిషి గొంతు వేరేగా ఉంటుంది.

*

డెల్, ఫిలిస్ మొదట అద్దెకున్న క్యాస్ట్రో వీధి చుట్టుపక్కల ఐరిష్, స్కాండినేవియన్ కార్మిక కుటుంబాలు ఉండేవి. 1960లలో ఆ కుటుంబాలు శివార్లకి వెళ్ళిపోవడం మొదలుపెట్టాయి. పాత విక్టోరియన్ చెక్క ఇళ్ళు చవగ్గా మిగిలిపోయాయి. వాటిలోకి గే యువకులు దిగారు. పెచ్చులూడిన గోడలకి రంగులేసుకున్నారు, చెక్కలు మార్చుకున్నారు. పదేళ్ళు తిరిగేసరికి ఆ పేట ప్రపంచమంతా తెలిసిన పేరయిపోయింది.

ఇక్కడ ఒక విషయం దాటెయ్యకూడదు. దాదాపు అదే కాలంలో, క్యాస్ట్రోకి దగ్గర్లోనే ఉన్న ఫిల్‌మోర్ పేటని నగర ప్రభుత్వం ‘పునర్నిర్మాణం’ పేరుతో పడగొట్టింది. అది నల్లజాతివాళ్ళ పేట, జాజ్ క్లబ్బుల పేట. వేలమందిని ఖాళీ చేయించారు. 1963లో ఆ ఊరు చూసి వెళ్ళిన రచయిత జేమ్స్ బాల్డ్విన్, నగర పునర్నిర్మాణమంటే నల్లవాళ్ళని పంపెయ్యడమేనని ఆ ఏడాదే ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. బాల్డ్విన్ నల్లవాడు, మగవాళ్ళని ప్రేమించినవాడు కూడా. అతనిలాంటి మనిషికి ఫిల్‌మోర్‌లో ఇల్లు పోయింది, క్యాస్ట్రోలో చోటు అంత సులువుగా దొరకదు. చవగ్గా దొరికిన ఇంటికి రంగులేసిన ప్రతివాడూ, తెలిసో తెలియకో, పక్కింటి అద్దె కూడా కొంత పెంచాడు. క్వీర్ మనుషుల్ని ఖాళీ చేయించిన చరిత్రలో క్వీర్ మనుషులు ఖాళీ చేయించినవాళ్ళు కూడా ఉన్నారు.

హార్వీ మిల్క్ గురించి సినిమా చూసినవాళ్ళకి అతని కెమెరా కొట్టు గుర్తుంటుంది. 1973లో 575 క్యాస్ట్రో స్ట్రీట్‌లో తెరిచాడు. 1977 నవంబర్‌లో నగర బోర్డుకి గెలిచాడు. గేలని ఉద్యోగాల్లోంచి, ఇళ్ళలోంచి వెళ్ళగొట్టకుండా ఆపే నగర చట్టం తేవడం అతని పేరు మీద అందరికీ తెలిసిన పని. అంతగా తెలియంది ఇంకోటుంది. ఇళ్ళు కొని, నెలల్లో అమ్మేసి లాభం చేసుకునేవాళ్ళ మీద పన్ను వెయ్యాలని అతను బోర్డులో ప్రతిపాదించాడు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. పేటకి పేరు తెచ్చినవాడి కొట్టుకే అద్దె భారీగా పెంచితే, 1978లో అతను ఆ కొట్టు ఖాళీ చేసి మార్కెట్ స్ట్రీట్‌కి మారాల్సి వచ్చింది. ఆ ఏడాది నవంబర్ 27న అతన్నీ, మేయర్ జార్జ్ మోస్కోనినీ సిటీ హాల్లో కాల్చి చంపారు. నగరంలో అద్దెల నియంత్రణ చట్టం 1979 జూన్‌లో వచ్చింది. మిల్క్ చూడలేదు.

*

తర్వాత ఎయిడ్స్ వచ్చింది. ఒక్క శాన్‌ఫ్రాన్సిస్కోలోనే వేలమంది పోయారు. ఆ చావుల గురించి చాలా చదివాం. వాటి వెనకాలే వచ్చిన నోటీసుల గురించి తక్కువ చదివాం.

అప్పట్లో ఇద్దరు మగవాళ్ళు కలిసుంటే అద్దె కాగితం మీద సాధారణంగా ఒకడి పేరే ఉండేది. రెండో పేరు రాస్తే ప్రశ్నలొస్తాయి మరి. మా నల్లకుంట అగ్రిమెంట్ మీద కూడా నా పేరొక్కటే ఉంది. పదకొండు నెలలకోసారి రెన్యూ చేస్తాం. మన ఊళ్ళో అందరివీ పదకొండు నెలల కాపురాలే. పేరున్నవాడు బతికున్నంతకాలం రెండో పేరు లేకపోవడం ఎవరికీ కనిపించదు. పేరున్నవాడు పోతే, అంత్యక్రియలయిన వారానికి మిగిలినవాడు ఆ ఇంట్లో పరాయివాడయిపోతాడు.

ఈ భయం ఎంతదాకా తీసుకెళ్ళిందంటే, 1980ల మొదట్లో న్యూయార్క్‌లో కొందరు జంటలు ఒకర్నొకరు దత్తత తీసుకుంటామని కోర్టుకెళ్ళారు. అలాంటి ఒక జంటకి లీజులో ‘కుటుంబ సభ్యులు మాత్రమే ఉండాలి’ అని షరతు ఉంది. ప్రేమికులు కుటుంబం కాదు, తండ్రీకొడుకులు కుటుంబం. సరే, అయితే తండ్రీకొడుకులమే అవుతాం అన్నారు. దత్తత అంటే మనకి వంశం, పిండం, ఆస్తి గుర్తొస్తాయి. వీళ్ళకి కావాల్సింది ఖాళీ చెయ్యనక్కర్లేని ఇల్లు. 1984లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం, అంటే కోర్ట్ ఆఫ్ అప్పీల్స్, ఇది దత్తత ఉద్దేశం కాదని ఆ దారి మూసేసింది.

అయిదేళ్ళ తర్వాత అదే కోర్టుకి మిగెల్ బ్రాస్కి కేసు వచ్చింది. 1975 వేసవి నుంచి అతను లెస్లీ బ్లాన్‌చార్డ్ అనే అతనితో మన్‌హాటన్‌లో, ఈస్ట్ 54వ వీధిలో, అద్దె నియంత్రణ ఉన్న ఫ్లాట్‌లో ఉంటున్నాడు. 1986 సెప్టెంబర్‌లో బ్లాన్‌చార్డ్ చనిపోయాడు. లీజు మీద ఉన్నది అతని పేరొక్కటే. కొన్ని వారాల్లోనే బ్రాస్కికి ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చింది.

న్యూయార్క్ నిబంధన ప్రకారం అద్దెదారు చనిపోతే, అతనితో కలిసున్న భార్యనో భర్తనో, ‘కుటుంబ సభ్యుడి’నో ఖాళీ చేయించకూడదు. కుటుంబమంటే ఎవరో మాత్రం ఆ నిబంధనలో రాసి లేదు. ఆ ఖాళీలోనే కేసంతా నడిచింది. రక్తం, పెళ్ళి, దత్తత, ఈ మూడే కుటుంబమని ఓనర్ల వాదన. అంటే డ్రాప్‌డౌన్‌లో ఉన్నవే లెక్కలోకొస్తాయి.

1989 జులై 6న తీర్పు వచ్చింది. నలుగురు బ్రాస్కి వైపు, ఇద్దరు వ్యతిరేకం. తీర్పు రాసిన జడ్జి వీటో టిటోన్ ‘మీరేమవుతారు’ అని అడగలేదు, ‘ఎలా ఉన్నారు’ అని అడిగాడు. ఎన్నాళ్ళు కలిసున్నారు? ఒకరి డబ్బు ఒకరికి ఎంతవరకు ముడిపడి ఉంది? లోకం ముందు ఎలా నడుచుకున్నారు? రోజువారీ పనులకి ఒకరి మీద ఒకరు ఎంత ఆధారపడ్డారు? వీటికి ఆధారాలుగా కోర్టు ముందు పెట్టినవేమిటో చూస్తే ముచ్చటేస్తుంది. డ్రైవింగ్ లైసెన్సు మీద అడ్రసు. జాయింట్ బ్యాంక్ ఖాతాలు, క్రెడిట్ కార్డులు. లాకర్లు. ఒకరికి జబ్బు చేస్తే రెండోవాళ్ళు నిర్ణయాలు తీసుకునేలా రాసిచ్చిన పత్రం. ఇద్దరూ కలిసి ఒకరి చుట్టాలింటి వేడుకలకి ఒకరు వెళ్ళడం. బ్లాన్‌చార్డ్ పోయాక కూడా అతని కుటుంబంలో ఒకమ్మాయి బ్రాస్కిని ‘అంకుల్’గానే చూడడం.

ఆ అమ్మాయి బ్లాన్‌చార్డ్‌కి అన్నదమ్ముల కూతురో అక్కచెల్లెళ్ళ కూతురో ఇంగ్లీషు తీర్పు చెప్పదు. దానికి రెండూ ‘నీస్’ అనే ఒక్క మాటే. మన దగ్గరైతే తేల్చాలి, బ్రాస్కి ఆ పిల్లకి బాబాయి అవుతాడా, మామయ్య అవుతాడా అని. నేను ఆ పేరా దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అతని అక్క కూతురు నన్ను పేరు పెట్టి, చివర ‘అన్న’ అని పిలుస్తుంది. ఏ వరసలో చూసినా అది తప్పే.

అమెరికాలో ఒక రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఇద్దరు మగవాళ్ళని కుటుంబమని ఒప్పుకున్న మొదటి తీర్పుగా దీన్ని చెప్తారు. అదే రాష్ట్రంలో పెళ్ళి హక్కు రావడానికి ఇంకో 22 ఏళ్ళు పట్టింది. ప్రేమని చట్టం గుర్తించడం పెళ్ళి దగ్గర మొదలు కాలేదు, ఖాళీ చెయ్యమన్న నోటీసు దగ్గర మొదలైంది. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఈ ఒక్క సంగతే.

*

ఆ తర్వాత జరిగినదాంట్లో ఒక విచిత్రం ఉంది. ప్రేమకి హక్కులు ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చాయి, ఇంటికున్న రక్షణ ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చింది.

కాలిఫోర్నియాలో 1985లో ఎల్లిస్ యాక్ట్ వచ్చింది. ఇక అద్దెకివ్వడం మానేస్తున్నానని చెప్పి ఓనర్ బిల్డింగ్ మొత్తాన్ని ఖాళీ చేయించొచ్చు. 1995లో కోస్టా-హాకిన్స్ చట్టం వచ్చింది. దాంతో ఇల్లు ఖాళీ అయితే ఓనర్ ఇష్టమొచ్చిన అద్దె పెట్టుకోవచ్చు. మొదట దిగిన అద్దెదారు ఆ ఇంట్లో లేకుండా పోతే, తర్వాత వచ్చి చేరినవాళ్ళకి కూడా చాలావరకు కొత్త అద్దే. అంటే పాత ఇంట్లో పాత అద్దెకి ఉన్న మనిషి ఒక లాభం దగ్గర అడ్డుగా నిలబడ్డట్టే. అతను కదిలితే, పోతే, ఇంటి విలువ పెరుగుతుంది.

2014లో నేను ఎనిమిది నెలలు ఆన్‌సైట్ మీద శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్నాను. పొద్దున్నే నల్ల అద్దాల కంపెనీ బస్సు సిటీ బస్టాపులో ఆగి మమ్మల్ని ఎక్కించుకునేది. నేను వెళ్ళడానికి కొద్ది నెలల ముందే, 2013 డిసెంబర్‌లో, మిషన్ పేటలో అలాంటి బస్సుకి అడ్డం నిలబడి జనం ఆపేశారు. ఆ బస్సులు ఆగే చోట్ల అద్దెలు పెరుగుతున్నాయని వాళ్ళ కోపం. మా టీమ్‌లో దాన్ని జోక్ చేసుకునేవాళ్ళం.

ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా క్యాస్ట్రోకి వెళ్ళాను. నాకప్పటికి పాతికేళ్ళు. నా గురించి నేను ఎవరికీ చెప్పలేదు. అక్టోబర్ నెల. కూడలిలో ఇంద్రధనుస్సు రంగుల జీబ్రా క్రాసింగులు అప్పుడే కొత్తగా వేశారు, రంగు ఇంకా మెరుస్తోంది. ఇద్దరు ముసలాయనలు చేతులు పట్టుకుని వాటి మీద నడిచి వెళ్ళారు. వాళ్ళ వెనకాలే నేనూ దాటాను, ఏదో గుళ్ళోకి అడుగు పెడుతున్నట్టు. అవతలి గట్టున ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసు అద్దం మీద ఇళ్ళ ఫోటోలు, కింద ధరలు ఉన్నాయి. నా జీతంతో లెక్కేసుకున్నాను. అప్పుడు తట్టలేదు కానీ, ఆ ముసలాయనలని ఆ వీధిలోంచి పంపించేవాడు నాలాంటివాడే, కాస్త ఎక్కువ జీతంతో.

2013లో నగరం ఇళ్ళు లేనివాళ్ళని లెక్కపెట్టినప్పుడు, వాళ్ళలో 29 శాతం మంది తాము ఎల్‌జీబీటీ అని చెప్పారు. గే రాజధానిలో ఫుట్‌పాత్ మీద ఉన్న ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు. వాళ్ళలో ఎంతోమంది పుట్టింట్లోంచి గెంటేస్తే, ఈ ఊరు తమని రానిస్తుందని బస్సెక్కి వచ్చినవాళ్ళు.

పేరున్నవాళ్ళకీ మినహాయింపు లేదు. ఎయిడ్స్‌తో పోయినవాళ్ళ పేర్లు కుట్టిన బొంతని తలపెట్టినవాడు క్లీవ్ జోన్స్, మిల్క్ శిష్యుడు. 1987 అక్టోబర్‌లో వాషింగ్టన్‌లో ఆ బొంతని మొదటిసారి పరిచినప్పుడు అందులో 1,920 ముక్కలున్నాయి. ఒక్కో ముక్కా ఒక మనిషి. 2022లో, వయసు డెబ్భైకి దగ్గరవుతుండగా, బిల్డింగ్ చేతులు మారి అద్దె రెండింతలు దాటడంతో అతను క్యాస్ట్రోలో తన ఫ్లాట్ వదిలి వెళ్ళాడు. చచ్చిపోయినవాళ్ళ పేర్లు పోకుండా చూసినవాడికి, ఆ వీధిలో తన పేరున్న లీజు మిగల్లేదు.

ఎదురు ప్రయత్నాలు లేకపోలేదు. 1966 ఆగస్టులో టెండర్‌లాయిన్ పేటలో, కాంప్టన్స్ అనే కెఫెటీరియాలో ట్రాన్స్ మహిళలు పోలీసుల మీద తిరగబడ్డారు. ఆ చుట్టుపక్కల వీధుల్ని 2017లో నగరం ట్రాన్స్‌జెండర్ సాంస్కృతిక ప్రాంతంగా ప్రకటించింది. లగూనా స్ట్రీట్‌లో వయసు మళ్ళిన ఎల్‌జీబీటీ వాళ్ళని దృష్టిలో పెట్టుకుని రెండు బిల్డింగుల్లో కలిపి 119 ఫ్లాట్లు తక్కువ అద్దెకి కట్టారు. ఊరి అవసరం ముందు అదెంత అనిపిస్తుంది. కానీ ఆ 119 తలుపుల వెనక ఎవరినీ ఎవరూ ‘ఏమవుతారు’ అని అడగరు.

ఇక డెల్, ఫిలిస్. 2004 ఫిబ్రవరి 12న మేయర్ గావిన్ న్యూసమ్ ఒకే లింగం జంటలకి పెళ్ళి లైసెన్సులివ్వమని చెప్పినప్పుడు, మొదట పెళ్ళి చేసుకున్నది వీళ్ళే. అప్పటికి కాపురం పెట్టి 51 ఏళ్ళు. ఆ ఆగస్టులో కోర్టు సుమారు 4,000 పెళ్ళిళ్ళని, వీళ్ళదానితో సహా, చెల్లవంది. 2008లో రాష్ట్ర సుప్రీంకోర్టు దారి తెరిచాక, జూన్ 16న మళ్ళీ చేసుకున్నారు. డెల్‌కి 87, ఫిలిస్‌కి 83. పది వారాల తర్వాత, ఆగస్టు 27న డెల్ చనిపోయింది.

ఫిలిస్ ఇంకో పన్నెండేళ్ళు డంకన్ స్ట్రీట్ ఇంట్లోనే ఉంది, 2020 ఏప్రిల్‌లో పోయేదాకా. ఆమెని ఎవరూ నోటీసిచ్చి పంపలేదు. పెళ్ళి సర్టిఫికెట్ ఆమెని కాపాడింది పది వారాలే. 65 ఏళ్ళు కాపాడింది 1955లో ఇద్దరూ కొనుక్కున్న ఇల్లు. ఆమె పోయాక ఇల్లు అమ్ముడయింది. పడగొట్టేస్తారేమోనని భయపడినవాళ్ళు గట్టిగా అడగడంతో, 2021లో నగరం దాన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించింది. ఇల్లు నిలిచింది. కానీ అలాంటి ఇంకో ఇద్దరు ఆఫీసు ఉద్యోగినులు ఈరోజు ఆ కొండ మీద ఇల్లు కొనలేరు.

*

అమెరికా ఊళ్ళ కథ చదివి మన ఊరిని అందులో పెట్టి చూసుకోవడం నాలాంటివాళ్ళకి అలవాటు. కానీ హైదరాబాద్‌కి తనదైన చరిత్ర ఉంది. 1329 ఫసలీలో, అంటే 1919లో, నిజాం ప్రభుత్వం హిజ్రాల మీద ఒక చట్టం చేసింది. నగరంలో ఉండే హిజ్రాల పేర్లు, నివాసాలు రిజిస్టర్‌లో రాసిపెట్టుకోవాలి. ఆడవేషంలో బయట ఆడిపాడితే వారెంటు లేకుండా అరెస్టు చెయ్యొచ్చు. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఈ ఊళ్ళో ప్రభుత్వం క్వీర్ మనిషి అడ్రసు అడిగింది ఆశ్రయం ఇవ్వడానికి కాదు, నిఘా పెట్టడానికి. ఆ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. వందేళ్ళు దాటాక.

అదే ఏడాది అక్టోబర్ 17న సుప్రీంకోర్టు మాకు పెళ్ళి హక్కు లేదంది. కలిసుండే జంటల ఇబ్బందులు చూడ్డానికి కమిటీ వెయ్యమంది. తర్వాత 2024లో కేంద్రం నుంచి కొన్ని వివరణలొచ్చాయి. జాయింట్ బ్యాంక్ ఖాతా తెరుచుకోవచ్చు, నామినీగా పెట్టుకోవచ్చు. రేషన్ కార్డు విషయంలో కలిసుండే జంటని ఒకే ఇల్లుగా చూడమని రాష్ట్రాలకి చెప్పారు. పత్రికల్లో చిన్న వార్తగా వచ్చింది. నాకు మాత్రం బ్రాస్కి కేసు గుర్తొచ్చింది. బ్యాంక్ ఖాతా, బియ్యం, ఒకే పొయ్యి. మళ్ళీ ఇంటి వైపు నుంచే వస్తోంది గుర్తింపు.

మా కష్టాన్ని పెద్దది చేసి చెప్పదలచుకోలేదు. మాకు అబద్ధం ఆడే వీలుంది. ఇద్దరు సాఫ్ట్‌వేర్ మగవాళ్ళు ‘బ్యాచిలర్స్’ అయిపోతే కాస్త ఎక్కువ అద్దెకైనా ఇల్లు దొరుకుతుంది. ఒక ట్రాన్స్ మహిళ టులెట్ బోర్డు చూసి గేటు దగ్గర నిలబడితే ఆ అబద్ధానికి చోటే లేదు. మేం నల్లకుంటలో దిగకముందు ఆ పై అంతస్తులో నలుగురు నర్సింగ్ విద్యార్థినులుండేవాళ్ళట. మేం నెలకి నాలుగు వేలు ఎక్కువిస్తామన్నాం. వాళ్ళు ఎక్కడికెళ్ళారో నేనెప్పుడూ అడగలేదు.

కొత్త ఫ్లాట్ అగ్రిమెంట్‌లో ఈసారి రెండు పేర్లూ రాయించాం, సమానంగా ఇద్దరు అద్దెదారులని. బ్రోకర్ గొణిగాడు. యాప్‌లో రెండో ప్రధాన అద్దెదారు అనే ఆప్షనే లేదు. ‘ఇతరులు’ నొక్కాను, వేరే దారి లేక. ఆ యాప్ రాసినవాడు ఎవరో నాలాంటివాడే అయ్యుంటాడు. రేపు మా ఆఫీసులో ఇలాంటి లిస్టు నా దగ్గరికొస్తే ఇంకో మాట చేర్చమని అడిగే ధైర్యం నాకుందా అన్నది వేరే ప్రశ్న. ఉండాలి.

మొన్న ఆదివారం ఆంటీ కింద వరండాలో ఆవకాయ కలుపుతున్నారు. ఈ ఇంట్లో ఇదే ఆఖరి ఆవకాయ. ప్రతి ఏడూ మాకో జాడీ పంపిస్తారు. నేను మెట్లు దిగుతుంటే తలెత్తకుండానే అడిగారు.

“ఇద్దరూ ఒకే చోటికేనా బాబూ, వేరువేరుగానా?”

“ఒకే చోటికేనండీ” అన్నాను.

“అయితే పెద్ద జాడీ ఒకటి పెట్టేస్తాను. విడివిడిగా ఎందుకు” అని నూనె అందుకున్నారు.